కణ శ్వాసక్రియ రేటును ప్రభావితం చేసే కారకాలు

జీవకణాలు ఆహార పదార్థాలను దశలవారీగా ఆక్సీకరించి, వాటిలోని శక్తిని ఏటీపీ అణువుల్లోకి మార్చుకునే జీవరసాయన ప్రక్రియను కణ శ్వాసక్రియ అంటారు. నిర్ణీత కాలంలో ఈ ప్రక్రియ ఎంత జరిగిందో తెలిపే కొలత కణ శ్వాసక్రియ రేటు. ఇది జీవిని బట్టి, కణజాలాన్ని బట్టి, వయసును బట్టి, పరిసరాలను బట్టి మారుతుంది. బాగా ఎండిన విత్తనంలో శ్వాసక్రియ దాదాపు కొలతకు అందనంత మందంగా ఉంటుంది. అదే విత్తనం నీరు పీల్చుకుంటే కొద్ది గంటల్లోనే అనేక రెట్లు పెరుగుతుంది. విశ్రాంతిలో ఉన్న వయోజనుడి శరీరం నిమిషానికి సుమారు 250 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటే, తీవ్ర వ్యాయామంలో ఆ వినియోగం పది రెట్లకు మించి పెరగగలదు.

రేటును మార్చే కారకాలు అనేకం ఉన్నా, వాటి ప్రభావం ప్రధానంగా నాలుగు మార్గాల్లో కణాన్ని చేరుతుంది: ఆక్సీకరణకు కావలసిన ఇంధనం లభ్యత, ఆక్సిజన్ లభ్యత, ఎంజైముల పనితీరు, ఏటీపీకి కణంలో ఉన్న గిరాకీ.

నిర్వచనం, ప్రమాణాలు

గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణ చెందే చర్యను సంగ్రహంగా ఇలా రాస్తారు:

గ్లూకోజ్ (1 అణువు) + ఆక్సిజన్ (6 అణువులు) → కార్బన్ డయాక్సైడ్ (6 అణువులు) + నీరు (6 అణువులు) + శక్తి

ఒక మోల్ గ్లూకోజ్ నుంచి సుమారు 2,870 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అందులో కొంత ఏటీపీలో నిలుస్తుంది, మిగిలినది వేడిగా వెలువడుతుంది. ఒక గ్లూకోజ్ అణువుకు 36 నుంచి 38 ఏటీపీ అణువులు వస్తాయని పూర్వపు పాఠ్యగ్రంథాలు లెక్కకట్టాయి. పొరల గుండా జరిగే రవాణాకు అయ్యే ఖర్చును కూడా పరిగణించే ప్రస్తుత అంచనా 30 నుంచి 32.

రేటును సాధారణంగా మూడు విధాల వ్యక్తం చేస్తారు: వినియోగమైన ఆక్సిజన్, వెలువడిన కార్బన్ డయాక్సైడ్, లేదా విడుదలైన ఉష్ణం. పోల్చడానికి వీలుగా దీన్ని కణజాలం బరువుకు, ప్రొటీన్ పరిమాణానికి లేదా కణాల సంఖ్యకు లెక్కిస్తారు. వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌కు, వినియోగమైన ఆక్సిజన్‌కు మధ్య నిష్పత్తిని శ్వాసక్రియా కోషెంట్ అంటారు. పిండిపదార్థాలకు ఇది 1, కొవ్వులకు సుమారు 0.7, ప్రొటీన్లకు సుమారు 0.8. మాలిక్ ఆమ్లం వంటి కర్బన ఆమ్లాలకు 1 కంటే ఎక్కువ. కోషెంట్ కణం ఏ ఇంధనాన్ని వాడుతున్నదో సూచిస్తుంది. ఎంత వేగంగా వాడుతున్నదో చెప్పదు.

అధ్యయన చరిత్ర

శ్వాసక్రియ రేటును తొలిసారి పరిమాణాత్మకంగా కొలిచినవారిలో ఫ్రాన్స్‌కు చెందిన ఆంటోయిన్ లవోయిజర్, పియర్ సైమన్ లాప్లాస్ ముఖ్యులు. 1780ల తొలినాళ్లలో వారు మంచు కెలోరీమీటర్‌లో గినీ పందిని ఉంచి, అది విడుదల చేసిన వేడిని, వదిలిన వాయువును పోల్చారు. శ్వాసక్రియ మెల్లగా సాగే దహనమని నిర్ధారించారు. ఆ దశాబ్దం చివర లవోయిజర్, ఆర్మాండ్ సెగ్విన్ మానవులపై జరిపిన పరిశీలనల్లో ఆహారం, చలి, శారీరక శ్రమ ఆక్సిజన్ వినియోగాన్ని పెంచుతాయని తేలింది.

1861లో లూయీ పాశ్చర్ ఈస్ట్‌ను పరిశీలించి, ఆక్సిజన్ అందినప్పుడు అది చక్కెరను తక్కువగా ఖర్చు చేస్తుందని గమనించాడు. దీనికి పాశ్చర్ ప్రభావం అని పేరు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్ కణాలు లేకుండా వాటి సారంతోనే కిణ్వనం జరుగుతుందని చూపడంతో, రేటు అధ్యయనం ఎంజైముల వైపు మళ్లింది. 1905లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ అవధి కారకాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆయన, ఒడిశాకు చెందిన ప్రాణకృష్ణ పరిజాతో కలిసి, ఆపిల్ పండ్ల శ్వాసక్రియపై చేసిన విశ్లేషణ 1928లో వెలువడింది.

కణంలోని శక్తి వాహకాన్ని గుర్తించడంలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు ప్రముఖ స్థానం ఉంది. ఆయన, సైరస్ ఫిస్కే హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా లెక్కించే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి సాయంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు.

1925లో డేవిడ్ కీలిన్ శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను చేరవేసే సైటోక్రోములను వివరించాడు. శ్వాసక్రియా ఎంజైముపై పరిశోధనకు ఒట్టో వార్‌బర్గ్ 1931లో నోబెల్ బహుమతి పొందాడు. 1937లో హన్స్ క్రెబ్స్ సిట్రిక్ ఆమ్ల వలయాన్ని ప్రతిపాదించాడు. 1950ల మధ్యలో బ్రిటన్ చాన్స్, జి.ఆర్. విలియమ్స్ వేరుచేసిన మైటోకాండ్రియాలో ఏడీపీ (ఏటీపీ ఖర్చయినప్పుడు మిగిలే అణువు) లభ్యతే ఆక్సిజన్ వినియోగాన్ని నిర్ణయిస్తుందని చూపారు. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించిన రసాయన ద్రవాభిసరణ సిద్ధాంతం ఈ అదుపునకు భౌతిక కారణాన్ని వివరించింది. 1970లలో వచ్చిన జీవక్రియా నియంత్రణ విశ్లేషణ, రేటును ఒకే ఒక ఎంజైము నిర్ణయిస్తుందన్న పాత భావనను సవరించి, అదుపు అనేక దశల మధ్య పంపిణీ అయి ఉంటుందని చూపింది.

శ్వాసక్రియ దశలు – అదుపు స్థానాలు

గ్లైకాలిసిస్: కణద్రవ్యంలో గ్లూకోజ్ రెండు పైరువిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. దీనికి ఆక్సిజన్ అవసరం లేదు. ఇక్కడ ముఖ్యమైన అదుపు స్థానం ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ ఎంజైము. ఏటీపీ, సిట్రేట్ పెరిగితే ఇది నెమ్మదిస్తుంది; ఏఎంపీ, ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్ పెరిగితే వేగవంతమవుతుంది.

పైరువిక్ ఆమ్ల ఆక్సీకరణ: మైటోకాండ్రియాలో పైరువిక్ ఆమ్లం అసిటైల్ కోఎంజైమ్-ఏగా మారుతుంది. ఈ పని చేసే పైరువేట్ డీహైడ్రోజినేజ్ సంక్లిష్టాన్ని దాని ఉత్పన్నాలైన అసిటైల్ కోఎంజైమ్-ఏ, ఎన్‌ఏడీహెచ్‌లే నిరోధిస్తాయి. జంతు కణాల్లో కాల్షియం అయాన్లు దీన్ని ఉత్తేజపరుస్తాయి.

క్రెబ్స్ వలయం: మైటోకాండ్రియా మాత్రికలో జరుగుతుంది. ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్, ఆల్ఫా-కీటోగ్లుటరేట్ డీహైడ్రోజినేజ్ ఇందులో ముఖ్య అదుపు స్థానాలు.

ఎలక్ట్రాన్ రవాణా, ఆక్సీకరణ ఫాస్ఫారిలేషన్: మైటోకాండ్రియా లోపొరలో ఎలక్ట్రాన్లు వరుస వాహకాల గుండా ప్రయాణించి ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ క్రమంలో ప్రోటాన్లు పొర బయటికి చేరి, తిరిగి ఏటీపీ సింథేజ్ గుండా లోపలికి వస్తూ ఏటీపీ తయారీకి తోడ్పడతాయి. ఏడీపీ లేకపోతే ప్రోటాన్లు తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. పొరకు ఇరువైపులా ప్రోటాన్ వ్యత్యాసం పెరిగి, ఎలక్ట్రాన్ ప్రవాహమే మందగిస్తుంది. (చూ. ఏటీపీ గిరాకీ)

కారకాల వర్గీకరణ

కారకాలను రెండు తరగతులుగా విభజిస్తారు. కణం లేదా జీవి స్థితికి సంబంధించినవి అంతర కారకాలు: ఇంధన నిల్వలు, ఏటీపీ గిరాకీ, మైటోకాండ్రియా సంఖ్య, వయసు, హార్మోన్లు, శరీర పరిమాణం. పరిసరాలకు సంబంధించినవి బాహ్య కారకాలు: ఉష్ణోగ్రత, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీరు, కాంతి, లవణాలు, గాయాలు, విషపదార్థాలు. బాహ్య కారకం ఏదైనా అంతర పరిస్థితిని మార్చడం ద్వారానే పనిచేస్తుంది కాబట్టి ఈ విభజన అధ్యయన సౌలభ్యం కోసమే.

అంతర కారకాలు

అధస్థ పదార్థాల లభ్యత

శ్వాసక్రియలో ఆక్సీకరణ చెందే ఇంధనాన్ని అధస్థ పదార్థం అంటారు. చక్కెరలు, పిండి, కొవ్వులు, కర్బన ఆమ్లాలు, అవసరమైతే ప్రొటీన్లు ఈ పాత్ర వహిస్తాయి. ఎక్కువ కాలం చీకటిలో ఉంచిన ఆకుల్లో చక్కెరలు తరిగిపోయి శ్వాసక్రియ తగ్గుతుంది. చక్కెర ద్రావణం అందిస్తే తిరిగి పెరుగుతుంది. పిండిపదార్థాలు, కొవ్వుల ఆక్సీకరణను ప్లవన శ్వాసక్రియ అని, నిల్వలు నిండుకున్నాక ప్రొటీన్లను వాడుకోవడాన్ని జీవపదార్థ శ్వాసక్రియ అని బ్లాక్‌మన్ వేరుచేశాడు. రెండోది ఎక్కువ కాలం సాగితే కణానికి హాని కలుగుతుంది.

ఇంధన లభ్యత ఎల్లప్పుడూ నిల్వల పరిమాణంపైనే ఆధారపడదు. బంగాళాదుంపను సున్నా డిగ్రీలకు దగ్గరగా నిల్వ చేస్తే పిండి క్రమంగా చక్కెరలుగా మారి పేరుకుంటుంది. దుంపను మళ్లీ వెచ్చని చోటికి తెచ్చినప్పుడు, చలికి గురికాని దుంపకంటే దాని శ్వాసక్రియ కొంతకాలం ఎక్కువగా ఉంటుంది.

ఏటీపీ గిరాకీ

ఆక్సిజన్, ఇంధనం చాలినంత ఉన్న కణంలో రేటును నిర్ణయించే ప్రధాన కారకం ఏటీపీ వినియోగమే. వేరుచేసిన మైటోకాండ్రియాకు ఇంధనం, ఆక్సిజన్, ఫాస్ఫేట్ అందించినా ఏడీపీ లేనంతవరకు ఆక్సిజన్ వినియోగం మందంగానే ఉంటుంది. ఏడీపీ కలపగానే అది అనేక రెట్లు పెరిగి, కలిపినదంతా ఏటీపీగా మారాక తిరిగి తగ్గుతుంది. చాన్స్, విలియమ్స్ వేగవంతమైన దశను 3వ స్థితి అని, మందమైన దశను 4వ స్థితి అని పేర్కొన్నారు. ఈ రెండింటి నిష్పత్తి మైటోకాండ్రియా ఆరోగ్యానికి సూచిక.

కండర సంకోచం, అయాన్ల రవాణా, ప్రొటీన్ల తయారీ, కణ విభజన ఏటీపీని ఖర్చుచేసే ముఖ్య కార్యాలు. మానవ మెదడు శరీర బరువులో సుమారు 2 శాతమే అయినా, విశ్రాంత స్థితిలో శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతాన్ని తీసుకుంటుంది. నాడీకణాల పొరలకు ఇరువైపులా అయాన్ల సమతూకం నిలపడానికే ఇందులో పెద్ద భాగం ఖర్చవుతుంది. ఏటీపీ, ఏడీపీ, ఏఎంపీల పరస్పర పాళ్లను ఒకే సంఖ్యగా చూపే శక్తి ఆవేశం అనే భావనను డేనియల్ అట్కిన్సన్ 1968లో ప్రవేశపెట్టాడు. ఆరోగ్యవంతమైన కణాల్లో ఇది సాధారణంగా 0.8 నుంచి 0.95 మధ్య ఉంటుంది. ఇది తగ్గితే ఇంధనాన్ని దహించే మార్గాలు వేగవంతమవుతాయి, పెరిగితే నెమ్మదిస్తాయి.

కణజాలం, మైటోకాండ్రియా, వయసు

మైటోకాండ్రియా సంఖ్య, వాటి లోపొర వైశాల్యం గరిష్ఠ రేటుకు హద్దు విధిస్తాయి. గుండె కండరం, కాలేయం, మూత్రపిండాల కణాల్లో ఇవి అధికం. క్షీరదాల పరిణత ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా లేవు. అవి గ్లైకాలిసిస్‌పైనే ఆధారపడతాయి. క్రమం తప్పని వ్యాయామంతో అస్థి కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి.

మొక్కల్లో కాండాగ్రం, వేరుకొన, మొలకెత్తే విత్తనం, విచ్చుకునే మొగ్గ వంటి చురుకైన భాగాల్లో రేటు ఎక్కువ. కణాలు పరిణతి చెందేకొద్దీ జీవపదార్థం పాలు తగ్గి, రిక్తికలు, కణకవచం పాలు పెరగడంతో బరువు ప్రకారం లెక్కించిన రేటు తగ్గుతుంది. కొన్ని పండ్లలో మాత్రం పక్వదశలో శ్వాసక్రియ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆపిల్ పండ్లలో ఈ పెరుగుదలను 1920లలో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, చార్లెస్ వెస్ట్ వివరించి క్లైమాక్టరిక్ అని పేరు పెట్టారు. (చూ. పండ్లు, కూరగాయలు)

హార్మోన్లు

జంతువుల్లో థైరాయిడ్ హార్మోన్లు అనేక కణజాలాల ఆక్సిజన్ వినియోగాన్ని పెంచుతాయి. థైరాయిడ్ అతిగా పనిచేసేవారిలో బరువు తగ్గడం, వేడి భరించలేకపోవడం, మందగించినవారిలో బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం ఇందువల్ల కనిపించే లక్షణాలే. అడ్రినలిన్ గ్లైకోజెన్, కొవ్వుల విచ్ఛిన్నాన్ని పెంచి ఇంధన సరఫరాను త్వరితం చేస్తుంది. ఇన్సులిన్ కండరం, కొవ్వు కణాల్లోకి గ్లూకోజ్ ప్రవేశాన్ని పెంచుతుంది. మొక్కల్లో ఇథిలీన్ పండ్ల శ్వాసక్రియను ప్రేరేపిస్తుంది.

శరీర పరిమాణం

జంతువుల మొత్తం జీవక్రియా రేటు శరీర బరువుకు సుమారు 0.75 ఘాతంలో పెరుగుతుందని 1932లో మాక్స్ క్లైబర్ చూపాడు. దీని ప్రకారం 20 గ్రాముల ఎలుక, 4,000 కిలోల ఏనుగులను పోలిస్తే, ఒక గ్రాము కణజాలానికి లెక్కించిన రేటు ఎలుకలో దాదాపు 20 రెట్లు ఎక్కువ. ఘాతం విలువ అన్ని జీవుల సమూహాలకూ ఒకటేనా, దానికి కారణమేమిటి అన్న విషయాల్లో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు.

బాహ్య కారకాలు

ఉష్ణోగ్రత

శ్వాసక్రియ ఎంజైముల ద్వారా జరిగే చర్యల వరుస కాబట్టి ఉష్ణోగ్రతకు అది బాగా స్పందిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు రేటు ఎన్ని రెట్లవుతుందో చెప్పే విలువను క్యూ10 అంటారు. చాలా మొక్కల కణజాలాల్లో సుమారు 5 నుంచి 25 డిగ్రీల మధ్య ఇది 2 నుంచి 2.5 వరకు ఉంటుంది. 30 డిగ్రీలు దాటాక సాధారణంగా తగ్గుతూ వస్తుంది. కణజాలంలోకి ఆక్సిజన్ వ్యాపించే వేగం గిరాకీకి తగినంతగా పెరగకపోవడం ఇందుకు ఒక కారణం. మరింత వేడిలో ఎంజైములు, పొరలు దెబ్బతిని రేటు పడిపోతుంది. అధిక ఉష్ణోగ్రతలో తొలుత పెరిగిన రేటు కాలం గడిచేకొద్దీ క్షీణించడం కూడా సాధారణం.

క్యూ10 స్థిరాంకం కాదు. కొన్ని రోజులు వెచ్చని వాతావరణంలో పెరిగిన మొక్కలు ఎంజైముల పరిమాణాన్ని సర్దుబాటు చేసుకుని, అదే ఉష్ణోగ్రత వద్ద మునుపటికంటే తక్కువ రేటు చూపగలవు. దీన్ని ఉష్ణ అనుకూలత అంటారు.

జంతువుల్లో స్పందన రెండు విధాలు. చేపలు, కప్పలు, సరీసృపాలు, కీటకాల్లో పరిసరాల ఉష్ణోగ్రతతో పాటు రేటు పెరుగుతుంది, తగ్గుతుంది. పక్షులు, క్షీరదాల్లో పరిసరాలు చల్లబడితే శరీరోష్ణాన్ని నిలపడానికి రేటు పెరుగుతుంది. శీతాకాల సుప్తావస్థలోకి వెళ్లే క్షీరదాలు ఇందుకు మినహాయింపు.

ఆక్సిజన్

మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కు ఆక్సిజన్‌తో బంధం చాలా బలమైనది. అత్యల్ప గాఢతలోనూ ఆ ఎంజైము దాదాపు పూర్తి వేగంతో పనిచేస్తుంది. అందువల్ల గాలిలోని 21 శాతం ఆక్సిజన్ కొంత తగ్గినా పలుచని కణజాలాల్లో శ్వాసక్రియ పెద్దగా మారదు. పండ్లు, దుంపలు, గట్టి విత్తన కవచాలు గల విత్తనాల్లో వాయువు లోపలికి వ్యాపించడమే కష్టం కాబట్టి ప్రభావం ముందే కనిపిస్తుంది.

ఆక్సిజన్ మరీ తగ్గితే కణాలు కిణ్వనం వైపు మళ్లుతాయి. ఈస్ట్, అనేక మొక్కల కణాలు ఇథనాల్‌ను, కండరాలు లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తాయి. కిణ్వనంలో ఒక గ్లూకోజ్‌కు 2 ఏటీపీ మాత్రమే దక్కుతాయి కాబట్టి అదే శక్తి కోసం ఎక్కువ చక్కెర ఖర్చవుతుంది. పాశ్చర్ ప్రభావానికి ఇదే మూలం. దీర్ఘకాలిక కొరతకు జంతు కణాలు జన్యు స్థాయిలో స్పందిస్తాయి. ఆక్సిజన్ కొరతను కణాలు గుర్తించే విధానాన్ని వెలికితీసినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా 2019లో నోబెల్ బహుమతి పొందారు.

కార్బన్ డయాక్సైడ్

పరిసరాల్లో కార్బన్ డయాక్సైడ్ గణనీయంగా పెరిగితే చాలా మొక్కల భాగాల్లో శ్వాసక్రియ తగ్గుతుంది. విత్తనాలు మొలకెత్తడం కూడా మందగిస్తుంది. తెల్ల ఆవాలపై కిడ్ దీన్ని 1910లలోనే చూపాడు. పండ్ల నిల్వలో ఈ ప్రభావాన్ని వాడుకుంటారు. అయితే మోతాదు మించితే కణజాలం దెబ్బతిని కిణ్వనం మొదలవుతుంది.

నీరు

నీరు ఎంజైములకు మాధ్యమం, పదార్థాల రవాణాకు వాహకం. ఎండిన విత్తనాల్లో నీరు ప్రొటీన్లు, పిండి పదార్థాలకు గట్టిగా అంటిపెట్టుకుని ఉండడంతో జీవక్రియ దాదాపు నిలిచిపోతుంది. తేమ ఒక హద్దు దాటాక రేటు నిటారుగా పెరుగుతుంది. ఆ హద్దు పిండి అధికంగా ఉన్న ధాన్యాల్లో సుమారు 14 శాతం. నూనెగింజల్లో ఇంకా తక్కువ. పెరుగుతున్న మొక్కల్లో ప్రభావం ఇంత సూటిగా ఉండదు: వాడిపోతున్న ఆకుల్లో పిండి చక్కెరలుగా మారి రేటు కొంతసేపు పెరగవచ్చు, తీవ్ర నీటి ఎద్దడిలో తగ్గుతుంది.

కాంతి

కాంతి ప్రభావం ఎక్కువగా పరోక్షమైనది. కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరలు సమకూరుతాయి, ఆకు వేడెక్కుతుంది, పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి. మరోవైపు పగటివేళ ఆకుల్లో మైటోకాండ్రియా శ్వాసక్రియ చీకటిలో కంటే తక్కువగా ఉంటుందని పలు పరిశీలనలు సూచిస్తాయి. కాంతిలో జరిగే కాంతి శ్వాసక్రియ దీనికి భిన్నమైన ప్రక్రియ. (చూ. కాంతి శ్వాసక్రియ)

లవణాలు, గాయాలు, వ్యాధులు

నీటిలో ఉంచిన వేర్లను లవణ ద్రావణంలోకి మారిస్తే శ్వాసక్రియ పెరుగుతుందని 1933లో లుండెగార్డ్, బర్‌స్ట్రామ్ నివేదించారు. అయాన్లను లోనికి తీసుకోవడానికి శక్తి అవసరం కావడమే కారణం. కోసిన బంగాళాదుంప ముక్కల్లో గాయం మాన్పుకొనే కణాలు చురుకుగా మారి రేటు పెరుగుతుంది. కుంకుమ తెగులు, బూడిద తెగులు వంటి శిలీంధ్ర వ్యాధులు సోకిన ఆకుల్లోనూ రేటు అధికమవుతుంది.

నిరోధకాలు, అన్‌కప్లర్లు

ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థను వేర్వేరు చోట్ల అడ్డుకునే పదార్థాలను నిరోధకాలు అంటారు. ఆ వ్యవస్థలో వరుసగా ఉండే ప్రొటీన్ సముదాయాలను కాంప్లెక్స్‌లు అంటారు. రొటినోన్ కాంప్లెక్స్ 1ను, యాంటీమైసిన్-ఏ కాంప్లెక్స్ 3ను, సయనైడ్, అజైడ్, కార్బన్ మోనాక్సైడ్ కాంప్లెక్స్ 4ను అడ్డుకుంటాయి. మాలొనేట్ సక్సినేట్‌ను పోలి ఉండి సక్సినేట్ డీహైడ్రోజినేజ్ వద్ద పోటీపడుతుంది. ఒలిగోమైసిన్ ఏటీపీ సింథేజ్‌ను ఆపుతుంది.

అన్‌కప్లర్లు ఇందుకు విరుద్ధంగా రేటును పెంచుతాయి. ఇవి ప్రోటాన్లను ఏటీపీ సింథేజ్‌తో పనిలేకుండా లోపలికి చేరవేయడంతో ఆక్సిజన్ వేగంగా ఖర్చవుతుంది, ఏటీపీ తయారు కాదు, శక్తి వేడిగా పోతుంది. డైనైట్రోఫినాల్‌ను 1930లలో అమెరికాలో బరువు తగ్గించే మందుగా వాడారు. శరీరం అదుపు తప్పి వేడెక్కి మరణాలు సంభవించడంతో 1938లో అక్కడ దాని వాడకాన్ని నిలిపివేశారు. నవజాత శిశువుల గోధుమవర్ణ కొవ్వులో ఉండే యూసీపీ1 అనే ప్రొటీన్ సహజంగా ఇదే పని చేసి శరీరాన్ని వెచ్చగా ఉంచుతుంది.

మొక్కల్లో సయనైడ్‌కు లొంగని ప్రత్యామ్నాయ ఆక్సిడేజ్ ఉంటుంది. దీని గుండా సాగే ఎలక్ట్రాన్ల శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. కంద జాతి మొక్కల పుష్పగుచ్ఛాలు వేడెక్కడంలో దీని పాత్ర ఉంది. తామర పువ్వు వికసించే రోజుల్లో చుట్టూ గాలి చల్లగా ఉన్నా తన ఉష్ణోగ్రతను 30 నుంచి 36 డిగ్రీల మధ్య నిలుపుకుంటుంది.

కారకాల పరస్పర చర్య

ఒక ప్రక్రియ అనేక కారకాలపై ఆధారపడినప్పుడు, అన్నింటికంటే కొరతగా ఉన్న కారకమే దాని వేగాన్ని నిర్ణయిస్తుందని బ్లాక్‌మన్ సిద్ధాంతం చెబుతుంది. పొడి ధాన్యంలో నీరు, ముంపు నేలలోని వేరులో ఆక్సిజన్, ఎక్కువ కాలం చీకటిలో ఉన్న ఆకులో చక్కెర, విశ్రాంత కండరంలో ఏడీపీ ఇలా అవధి కారకాలవుతాయి. అవధి కారకాన్ని సరిచేస్తే రేటు పెరిగి, మరో కారకం ఆ స్థానంలోకి వస్తుంది. అయితే జీవకణాల్లో ఒక కారకం నుంచి మరోదానికి మార్పు ఒక్కసారిగా కాక క్రమంగా జరుగుతుంది. ఒకే సమయంలో రెండు మూడు కారకాలు అదుపును పంచుకోవచ్చు.

కొలిచే పద్ధతులు

పాఠశాల ప్రయోగశాలల్లో మొలకెత్తే గింజలను మూసిన పాత్రలో ఉంచి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్ పీల్చుకునేలా చేసి, ఘనపరిమాణం తగ్గుదలను కొలుస్తారు. వార్‌బర్గ్ మానోమీటర్ ఇదే సూత్రానికి మెరుగైన రూపం. 1950లలో లీలండ్ క్లార్క్ రూపొందించిన ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ద్రావణంలోని ఆక్సిజన్‌ను నేరుగా కొలుస్తుంది. మొక్కల భాగాలకు పరారుణ వాయు విశ్లేషకాలను, మానవులకు పీల్చి వదిలే గాలి ఆధారంగా పరోక్ష కెలోరీమెట్రీని వాడతారు.

ప్రాముఖ్యం, అనువర్తనాలు

ధాన్యం, విత్తనాల నిల్వ

తడి ధాన్యం రాశి లోపల వేడెక్కడానికి గింజలు, వాటిపై పెరిగే బూజు జరిపే శ్వాసక్రియ కారణం. శ్వాసక్రియలో నీరు కూడా వెలువడడంతో తేమ పెరిగి, చెడిపోవడం మరింత త్వరితమవుతుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో వరి ధాన్యానికి తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. దీర్ఘకాల నిల్వకు 14 శాతం లోపు ఉండాలి. తేమ ఒక శాతం తగ్గినా, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్న హారింగ్టన్ సూత్రం విత్తన గోదాముల నిర్వహణలో ప్రసిద్ధం. జొన్నలు నిల్వచేసే పాతరల్లో గింజలు, పురుగులు ఆక్సిజన్‌ను వాడుకోవడంతో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పురుగులు అదుపులో ఉంటాయి. అదే కారణంగా పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగడం ప్రాణాపాయం.

పండ్లు, కూరగాయలు

మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, టమాటా క్లైమాక్టరిక్ పండ్లు. కోసిన తర్వాత కూడా పండుతాయి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ ఈ కోవలోకి రావు. శీతల గిడ్డంగులు ఉష్ణోగ్రతను తగ్గించి శ్వాసక్రియను మందగింపజేస్తాయి. అయితే ఉష్ణమండల పండ్లకు అతి చల్లదనం హాని చేస్తుంది; అరటిని సుమారు 13 డిగ్రీల కంటే తక్కువలో ఉంచితే తొక్క నల్లబడుతుంది. నియంత్రిత వాతావరణ నిల్వలో ఆక్సిజన్‌ను కొద్ది శాతానికి తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతారు. పండ్లను మగ్గబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకాన్ని భారతదేశంలో నిషేధించారు. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు.

ముంపు, వరి

వరి వేళ్లలోని వాయుగత కణజాలం ఆకుల నుంచి వేళ్లకు ఆక్సిజన్‌ను చేరవేస్తుంది. మొక్క పూర్తిగా మునిగితే ఆ దారి మూసుకుపోతుంది. సబ్1ఏ జన్యువు గల రకాలు ముంపులో ఎదుగుదలను అణచి, చక్కెరలను పొదుపు చేసి, నీరు తీశాక కోలుకుంటాయి. ఈ జన్యువును 2006లో గుర్తించారు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో రూపొందిన స్వర్ణ రకంలోకి దాన్ని చేర్చిన స్వర్ణ సబ్1 వంగడం 2009లో విడుదలైంది.

చేపలు, రొయ్యల పెంపకం

నీరు వెచ్చబడేకొద్దీ చేపల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో కరిగే ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. మంచినీటిలో 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9.1 మి.గ్రా. కరిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మి.గ్రా. కరుగుతుంది. రాత్రివేళ శైవలాలు ఆక్సిజన్‌ను విడుదల చేయవు, తామూ వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున కొరత తీవ్రమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాల చెరువుల్లో ఏరియేటర్లు వాడడానికి ఇదొక ప్రధాన కారణం.

వైద్యం

సయనైడ్, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావాలు, మైటోకాండ్రియా జన్యు వ్యాధులు, గుండెపోటులో కణజాలానికి ఆక్సిజన్ అందకపోవడం శ్వాసక్రియ రేటుతో నేరుగా ముడిపడినవి. అనేక కేన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని 1920లలో వార్‌బర్గ్ గమనించాడు. మైటోకాండ్రియా లోపమే దీనికి కారణమని ఆయన భావించాడు. చాలా కేన్సర్ కణాల్లో మైటోకాండ్రియా పనిచేస్తూనే ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

వ్యవసాయ దిగుబడి, వాతావరణం

మొక్కలు కిరణజన్య సంయోగక్రియలో స్థిరీకరించిన కార్బన్‌లో దాదాపు సగాన్ని శ్వాసక్రియలో తిరిగి వదులుతాయి. రాత్రి ఉష్ణోగ్రతల పెరుగుదల వల్ల ఈ ఖర్చు పెరిగి దిగుబడి తగ్గవచ్చన్న ఆందోళన ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు పొడి రుతువు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు 2004లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇందులో శ్వాసక్రియ వాటా ఎంత, గింజకట్టే కాలం తగ్గడం వంటి ఇతర కారణాల వాటా ఎంత అన్నది ఇంకా పరిశోధనాంశమే. నేలలోని సూక్ష్మజీవుల శ్వాసక్రియ కూడా ఉష్ణోగ్రతతో పెరిగేది కావడంతో, భూగోళ కార్బన్ వలయం అంచనాల్లో శ్వాసక్రియ ఉష్ణ స్పందన ముఖ్యమైన అంశం.

ఇవి కూడా చూడండి

ఆక్సీకరణ ఫాస్ఫారిలేషన్, ఎంజైములు, ఏటీపీ, కాంతి శ్వాసక్రియ, కిణ్వనం, క్రెబ్స్ వలయం, గ్లైకాలిసిస్, మైటోకాండ్రియా, యల్లాప్రగడ సుబ్బారావు, విత్తన సుప్తావస్థ, శీతల గిడ్డంగులు